డీకన్‌కి విశ్రాంతి ఎక్కడ?

కుల్గార ఊరి గుర్రప్పందేల మైదానంలో క్లారీ హాబ్డే ముప్పై మూడేళ్లపాటు ఎర్రకోటు వేసుకుని తిరిగాడు. అతను జాకీ కాదు. పందెపు గుర్రాలను బయల్దేరే చోటిదాకా దగ్గరుండి నడిపించుకు వెళ్లడం, మధ్యలో ఏ గుర్రమైనా బెదిరి రౌతును కిందపడేసి పరుగు లంకించుకుంటే వెంటపడి పట్టి తేవడం అతని పని. ఆ పనికి ఎవరూ కప్పులివ్వరు. అతని మీద ఎవరూ పైసా పందెం కాయరు. అయినా ఆ ఎర్రకోటు లేనిదే పందెం మొదలుకాదు. ఈ మాట క్లారీ రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండేవాడు కాదు.

ఆ ముప్పై మూడేళ్లలో అతని కింద నాలుగు గుర్రాలు మారాయి. నాలుగోది డీకన్. కొన్నప్పుడు బూడిదరంగులో ఉండేది, పోనుపోను సున్నం కొట్టిన గోడలా తెల్లబడిపోయింది. వెడల్పాటి వీపు, నిదానమైన చూపు, వాన ముసురు పట్టినట్టు ఉండే ముఖం. డీకన్ అంటే చర్చిలో పాదిరిగారి సహాయకుడు, ఆ ముఖం చూసే దానికా పేరు పెట్టారు. పద్నాలుగేళ్లు కలిసి పనిచేశాక క్లారీ మోకాలు చూసి డాక్టరు ఇక చాలన్నాడు. అదే నెలలో డీకన్ వెనక తుంటి చూసి పశువుల డాక్టరు కూడా ఇక చాలన్నాడు. అప్పటికి క్లారీకి అరవై తొమ్మిది, డీకన్‌కి పంతొమ్మిది.

ఏప్రిల్ చివరి పందాల రోజున క్లబ్బు అధ్యక్షుడు మైకు పట్టుకుని, "ఈ ఇద్దరు మిత్రులూ ఇక హాయిగా విశ్రాంతి తీసుకుంటారు" అని ప్రకటించి, క్లారీకి ఒక దుప్పటి, డీకన్‌కి ఒక గోనెసంచి క్యారెట్లు బహూకరించాడు. ఇంటికి వస్తుంటే కారు నడుపుతున్న నోలా అడిగింది.

"హాయిగా విశ్రాంతి సరే, ఎక్కడ?"

"మనింట్లో."

"నీ సంగతి కాదు అడిగేది."

క్లారీ కిటికీలోంచి ధాన్యపు గోదాములకేసి చూశాడు. అన్నాళ్లూ డీకన్ క్లబ్బు కొట్టంలో ఉండి క్లబ్బు గడ్డి తిన్నది. ఇప్పుడా కొట్టం కొత్తగా వచ్చే ఎర్రకోటు మనిషి గుర్రానికి కావాలి. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలని కార్యదర్శి మర్యాదగానే చెప్పాడు.

నోలా ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్న మనిషి. పొట్లం చేతిలోకి తీసుకుని, తూనికలో పెట్టకుండానే ఎంత బరువుందో చెప్పేస్తుంది. మొగుడి మాట కూడా అలాగే చేత్తో పట్టుకుని చూస్తుంది. మర్నాడు పొద్దున టీ దగ్గర క్లారీ గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్లో పెట్టుకుంటే ఖర్చేం ఉండదు నోలా. వెనకాల ఎకరన్నర స్థలం ఉంది. గడ్డి దానంతట అదే మొలుస్తుంది."

"ఏదీ, మొలిచిన గడ్డి ఒక్కటి చూపించు."

క్లారీ కిటికీ దాకా వెళ్లి చూశాడు. జనవరి నుంచి చినుకు లేదు. వెనకాల నేల రొట్టె పైపొరలా మాడి ఉంది.

"వాన పడితే మొలుస్తుంది."

"పడేదాకా కొనాలి. ఈ కరువులో ఎండుగడ్డి కట్ట పద్దెనిమిది డాలర్లు. నీ గుర్రం వారానికి మూడున్నర కట్టలు నములుతుంది. అరవై మూడు. ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కేవాడికి అరవై. పళ్లు అరగదీసేవాడికి ఏడాదికోసారి రెండు వందలు. పురుగుల మందు సరేసరి. ఇక ఆ కంచె! దాని మీద నా బట్టల క్లిప్పులు పెట్టినా వంగిపోతుంది."

"కంచె నేను వేస్తాను."

"ఏ మోకాలితో?"

టీగన్ ప్రౌస్ పొలంలో పెట్టడమనేది ఇంకో దారి. ఊరికి ముప్పై ఒక్క కిలోమీటర్ల దూరంలో ఏటి ఒడ్డున ఆవిడకు పెద్ద పొలం ఉంది. డబ్బు తీసుకుని ఇతరుల గుర్రాలను మేపుతుంది. వారానికి యాభై అయిదు డాలర్లు. మేత, నీళ్లు, చలికాలం ఎండుగడ్డి అన్నీ అందులోనే.

"యాభై అయిదా! ఊరికే నిలబడ్డానికి! నేనూ నిలబడతాను, నాకెవరిస్తారు?" అన్నాడు క్లారీ.

"నువ్వు నిలబడితే నేనిస్తాను. వంటింట్లో కాకుండా ఇంకెక్కడైనా."

లెక్క ప్రకారం నోలాదే గెలుపు. కానీ క్లారీ రాత్రి భోజనంలో మాంసం ముక్క పళ్లెంలోనే వదిలేశాడు. పెళ్లయిన నలభై నాలుగేళ్లలో అతను మాంసం వదిలెయ్యడం అది రెండోసారి. మొదటిసారి వాళ్లమ్మ పోయినప్పుడు. నోలా నిట్టూర్చి, "తెచ్చుకో పో" అంది.

చెక్కలతో కొత్త కంచెకు మూడు వేల తొమ్మిది వందల డాలర్లయింది. డీకన్ వచ్చింది. మొదటి వారం నోలా గులాబీలు తిన్నది. పచ్చగా కనిపించినవి ఆ వీధి మొత్తానికి అవే మరి. రెండో వారం ఆరేసిన పక్కదుప్పటి నోట కరుచుకుని స్థలమంతా ఊరేగించింది. క్లారీ వంటింట్లో రేడియో పెట్టుకుని పందేల వ్యాఖ్యానం వింటుంటే, కిటికీలోంచి తల లోపలికి పెట్టి అదీ వినేది. గుర్రాలు బారుకు, అంటే పందెం బయల్దేరే చోటికి, చేరుతున్నాయని రేడియోలో చెప్పగానే తల బయటికి తీసి గేటు దగ్గరికి నడిచి, డ్యూటీకి సిద్ధమన్నట్టు నిలబడేది.

"చూశావా, వాడి బుర్ర!" అని క్లారీ మురిసిపోయేవాడు.

"చూశాను. అది నా జామ్ సీసాలో పెట్టిన మూతి కూడా చూశాను" అనేది నోలా.

మూడో వారం బుధవారం నాడు అసలు గొడవ మొదలైంది. ఆ ఊళ్లో ఉద్యోగాలు చాలించుకున్న పెద్దమనుషులు ఎనిమిది మంది ప్రతి బుధవారం సైకిళ్లు తొక్కుతారు. ఒంటికి అతుక్కుపోయే పసుపు, నీలం, గులాబిరంగు చొక్కాలు, నెత్తిన టోపీలు పెట్టుకుని ఒకరి వెనక ఒకరు వంగి పోతారు. డీకన్ తప్పేముంది? పద్నాలుగేళ్లుగా అలాంటి చొక్కాలవాళ్లు వరసగా పోతుంటే పక్కన నడవడమే దాని ఉద్యోగం. వీళ్లు కాస్త లావు, అంతే తేడా. పెదవులతో గేటు గొలుసు విప్పుకుని, రోడ్డెక్కి, వరస పక్కన చేరింది.

అందరికంటే ముందున్న ఆయన పళ్ల డాక్టరు ఆర్నాట్. వెనక్కి తిరిగి చూసి, భుజం పక్కనే ఒక పెద్ద తెల్లటి తల కనబడేసరికి కెవ్వుమని గట్టిగా తొక్కాడు. అదే పొరపాటైంది. డీకన్ లెక్కలో అది బెదిరి పారిపోతున్న గుర్రం. నాలుగంగల్లో అడ్డదారి తీసి, డాక్టరు పక్కకొచ్చి, తన బరువు నెమ్మదిగా ఆనిస్తూ, ఆనిస్తూ, ఆయన్ని సైకిల్‌తో సహా రోడ్డు పక్క కాలవలోకి దింపి నిలబెట్టింది. నిలబెట్టి, ఎర్రకోటు మనిషి వచ్చి పగ్గం అందుకుంటాడని ఎదురుచూసింది.

క్లారీ బనియను మీద, చెప్పులతో కుంటుతూ వచ్చాడు.

"నీ గుర్రం నన్ను అరెస్టు చేసింది!" అన్నాడు డాక్టరు కాలవలోంచి.

"మీరు వేగం పెంచి ఉండాల్సింది కాదండీ" అన్నాడు క్లారీ. పట్టడంలో ఎక్కడా తేడా రాలేదని అతనికి లోలోపల గర్వంగానే ఉంది. వంగిన సైకిల్ చక్రానికి నూట నలభై డాలర్లు, గేటుకు కొత్త తాళానికి ముప్పై.

ఆ తాళం నెలరోజులు బాగానే పనిచేసింది. ఒక శుక్రవారం పొద్దున క్లారీ గేటు తెరిచి చెత్తడబ్బా బయటపెట్టి, తాళం వెయ్యడం మరిచిపోయి, లోపలికెళ్లి రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే చర్చి వైపు నుంచి వాల్టర్ స్పెన్స్‌లీ అంతిమయాత్ర వస్తోంది. స్పెన్స్‌లీ మందుల షాపాయన. జూదం పాపమని నమ్మిన మనిషి. ఊళ్లో గుర్రప్పందేలు మూయించాలని నలభై ఏళ్లపాటు పత్రికకు ఉత్తరాలు రాశాడు, ప్రతి పందెం రోజునా గేటు దగ్గర నిరసన రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఎర్రకోటు వేసుకున్న క్లారీని చూసి, "ఆ కోటు రంగే నరకం రంగు" అని ఒకసారి అన్నాడు కూడా.

నల్లకారు నెమ్మదిగా, దాని వెనక ఇరవై కార్లు ఇంకా నెమ్మదిగా వస్తున్నాయి. డీకన్ గేటు తోసుకుని బయటికొచ్చి, నల్లకారు ముందుకు వెళ్లి, మెడ విల్లులా వంచి, గిట్టలు టక్కు టక్కుమనిపిస్తూ శ్మశానం దాకా నడిపించుకుపోయింది. డ్రైవరు హారను కొట్టలేడు కదా, శవయాత్రలో! క్లారీ చేతిలో రొట్టెముక్కతో, బనియనుతో ఇరవై కార్ల పక్కనుంచి కుంటుతూ పరిగెత్తాడు. కారు కారులోంచీ తెలిసినవాళ్ల ముఖాలే. శ్మశానం గేటు దగ్గర డీకన్ పక్కకు తప్పుకుని, కార్లన్నీ లోపలికి వెళ్లేదాకా కదలకుండా నిలబడింది, బారు దగ్గర నిలబడ్డట్టే.

క్లారీ రొట్టెముక్క జేబులో కుక్కుకోబోయాడు, బనియనుకు జేబు లేదు. స్పెన్స్‌లీ భార్య కారు దిగి ఎదురుగా వచ్చింది.

"అమ్మా, క్షమించండి. వీడు... తాళం... నేను..."

ఆవిడ గుర్రాన్ని చూసింది, రొట్టెముక్కను చూసింది. పెదాలు వణికాయి. ఏడుపనుకున్నారంతా. కానీ ఆవిడ నవ్వుతోంది. నల్లటోపీ పక్కకు జారిపోయేంతగా నవ్వింది.

"క్లారీ, మా ఆయన నలభై ఏళ్లు ఆ మైదానం మూయిస్తానన్నాడు, చివరికి మీ గుర్రమే సాగనంపింది! ఇప్పుడు పెట్టెలోంచి లేచొస్తాడేమో చూడండి, మిమ్మల్ని రెండు తిట్టడానికి!"

ఆవిడ క్షమించింది గానీ, ఊరి కౌన్సిలు క్షమించలేదు. పశువును రోడ్డు మీదికి వదిలినందుకు రెండు వందల ఇరవై జరిమానా, మళ్లీ జరిగితే గుర్రాన్ని పట్టుకుపోతామని కింద ఒక వాక్యం. నోలా ఆ కాగితం చదివి మడతపెట్టింది.

"కంచె, గడ్డి, గిట్టలు, పళ్లు, చక్రం, తాళం, జరిమానా. పది వారాల్లో నీ ఖర్చులేని గుర్రానికి అయిదు వేలు దాటింది క్లారీ. నా గులాబీలు అందులో కలపలేదు."

క్లారీ ఈసారి మాంసం వదల్లేదు. తిన్నాడు, కానీ రుచి తెలియనట్టు తిన్నాడు. శనివారం డీకన్‌ను టీగన్ పొలానికి బండెక్కించాడు.

టీగన్‌కి నలభై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు ఆ మైదానంలోనే పందెపు గుర్రాలకు ఉదయపు వ్యాయామం చేయించేది. ఒకసారి ఆమె ఎక్కిన గుర్రం ఊరి బయటిదాకా లాక్కుపోతే వెళ్లి పట్టి తెచ్చింది క్లారీయే. అందుకని ఆవిడకు అతనితో చనువు. ఆ పొలంలో అప్పటికి పదకొండు కుర్రగుర్రాలున్నాయి. అన్నీ పందేల్లో నెగ్గుకురాలేక బయటపడ్డవే, గాలికి ఆకు కదిలినా ఎగిరిపడేవే.

"వీళ్లలో వేశావంటే మావాణ్ని తన్ని చంపేస్తారు" అన్నాడు క్లారీ. గేటు వదలడంలేదు.

"గేటు వదులు ముసలోడా. బడికి పంపే తల్లిలా ఏంటది?"

"రాత్రిళ్లు వాడికి తుంటి పట్టేస్తుంది."

"నాకు చెప్పావు."

"యాపిల్ తొక్కతో తినడు."

"అది మూడోసారి చెప్పడం."

ఇంటికొచ్చిన క్లారీకి ఏం చెయ్యాలో తోచలేదు. మర్నాడు పొద్దున్నే పాత ట్రక్కు తీసి, తొక్కతీసిన యాపిళ్లు డబ్బాలో పెట్టుకుని, ముప్పై ఒక్క కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ ముప్పై ఒక్కటి వెనక్కి వచ్చాడు. ఆ మర్నాడూ అంతే. రోజూ అంతే. మిగిలిన పగలంతా ఇంట్లో నోలా పప్పుల డబ్బాలను అక్షరక్రమంలో సర్దాడు. మంగళవారం పేకాటకొచ్చిన నలుగురు ఆడవాళ్లను వాకిట్లో ఎదుర్కొని, ఒక్కొక్కరినీ మోచెయ్యి పట్టుకుని కుర్చీలదాకా నడిపించి కూర్చోబెట్టాడు.

"మీ ఆయన నన్ను పందెపు గుర్రంలా బారులో నిలబెట్టాడే" అంది వాళ్లలో ఒకావిడ.

మూడు వారాలయ్యాక ఒక సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, క్లారీ టీగన్ పక్కన కంచె మీద చేతులానించి నిలబడ్డాడు. గాలి లేచి, పక్క పొలంలోంచి ఒక పెద్ద నల్లటి ప్లాస్టిక్ పట్టా ఎగురుకుంటూ వచ్చింది. పదకొండూ ఒక్కసారి చెదిరాయి. వాటిలో ఎర్రది ఒకటి బెదురు కళ్లతో నేరుగా ఏటి గట్టు వైపు దూసుకుపోయింది. అక్కడ గట్టు నిట్టనిలువుగా ఉంటుంది. టీగన్ చేతిలో బకెట్ జారిపోయింది.

డీకన్ తలెత్తింది. పరిగెత్తలేదు. ఆ ఎర్రది ఎటు తిరుగుతుందో ఒక్క క్షణం చూసి, కుంటుతున్న తుంటితోనే మూలకు అడ్డంగా బయల్దేరింది. ఎర్రది గట్టు చేరేసరికి డీకన్ అక్కడ ఉంది. పక్కకొచ్చి, భుజం ఆనించి, అడుగు తర్వాత అడుగు నెమ్మది చేస్తూ, గుండ్రంగా తిప్పి, నడకలోకి తెచ్చి, గేటు దగ్గరికి తోడ్కొచ్చింది. తక్కిన పదీ వెనకాలే వచ్చాయి. గేటు దగ్గర నిలబడి, ఎప్పటిలాగే, పగ్గం అందుకునే చెయ్యి కోసం చూసింది.

"రోజూ సాయంత్రం ఇంతే. మేత వేళకు అందర్నీ పోగుచేసి తెస్తాడు. ఇదివరకు నాకు గంట పట్టేది" అంది టీగన్.

క్లారీ డీకన్ వీపుకేసి చూశాడు. ఆ వీపు మీద రౌతు లేడు, కళ్లెం లేదు, ఎర్రకోటు లేదు. ముప్పై మూడేళ్లలో పారిపోయిన గుర్రాలు నూట పన్నెండు పట్టానని అతను లెక్క చెప్పేవాడు. ఆఖరి పద్నాలుగేళ్లవీ ఎవరు పట్టారో ఇప్పుడు కళ్లారా చూశాడు.

"నేను ఊరికే పైన కూర్చున్నానన్నమాట" అన్నాడు.

"కోటు బావుండేదిలే" అంది టీగన్.

డీకన్‌కి అద్దె అక్కర్లేదని ఆవిడ ఆ సాయంత్రమే చెప్పేసింది. క్లారీ ఈ కబురు పతకంలా మోసుకుని ఇంటికొచ్చాడు.

"నోలా! గుర్రానికి ఖర్చు సున్నా!"

నోలా కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు. "గుర్రానికి సున్నా. ట్రక్కుకు వారానికి తొంభై డాలర్ల పెట్రోలు. అంటే ఇప్పుడు ఖర్చు వాడిది కాదు, నీది."

డీకన్‌ను ఆవిడ 'వాడు' అనడం అదే మొదలు. క్లారీ గమనించలేదు. గమనించేలోపే ఆవిడ చేతులు తుడుచుకుని ఫోనందుకుంది.

"టీగన్? నోలాని. గుర్రానికి అద్దె మానేశావట, బాగుంది. మగమనిషికైతే ఎంత తీసుకుంటావు?... అరవై తొమ్మిది... మోకాలు ఒకటి పనిచెయ్యదు, మిగతా అంతా బానే ఉంది... ఆ, తిండి బాగా తింటాడు... లేదు, కరవడు. డబ్బాలు సర్దుతాడు, అదొక్కటే చెడ్డ అలవాటు."

"నోలా!" అన్నాడు క్లారీ.

"ఆగు, బేరం జరుగుతోంది."

టీగన్ అవతల నవ్వీ నవ్వీ, తనకు నిజంగానే మనిషి కావాలని చెప్పింది. కుర్రగుర్రాలకు పగ్గంతో నడవడం, బండెక్కడం నేర్పించాలి, ఓపిక ఉన్నవాడెవడూ దొరకడంలేదు. వారానికి మూడు రోజులు. ఉన్ని కత్తిరించేవాళ్లు పూర్వం ఉండే రేకులగది ఖాళీగా ఉంది, అక్కడే పడుకుంటే రోజూ తిరగక్కర్లేదు. కూలి ఎక్కువ ఇవ్వలేదు గానీ పెట్రోలుకు మించే ఇస్తుంది.

ఆ సోమవారం క్లారీ దుప్పటి చంకన పెట్టుకుని బయల్దేరాడు. నోలా తన ఇంట్లో తను కాళ్లు చాపుకుని మూడు రోజులు హాయిగా ఉంది. పప్పుల డబ్బాలన్నీ మళ్లీ తన పద్ధతిలోకి మార్చుకుంది. రెండో వారం బుధవారం నాడు మాంసం, ఆలుగడ్డ కలిపి వండిన పళ్లెం గుడ్డ కప్పి కారులో పెట్టుకుని, ఊరికే చూసొస్తానని వెళ్లింది. రేకులగది చూసి ముక్కు మూసుకుని చీపురందుకుంది. ఊడ్చేసరికి పొద్దుపోయింది, ఉండిపోయింది. అప్పట్నుంచి బుధవారాలు ఆవిడవి కూడా అక్కడే. టీగన్ పళ్లెం ఖాళీ చేసే వేగం చూసి, తరవాతి వారం నుంచి నోలా పెద్ద పళ్లెం తెస్తోంది.

ఏడాది తిరిగేసరికి క్లారీ చేతుల మీదుగా తొమ్మిది గుర్రాలు బుద్ధిగా తయారై మంచి ఇళ్లకు వెళ్లాయి. ఒక్కోదానికీ అతను పగ్గం పట్టుకుని పక్కన నడుస్తాడు, రెండో పక్కన డీకన్ నడుస్తుంది. నేర్పింది ఎవరని అడిగితే, ఇదివరకటిలా వెంటనే జవాబు చెప్పడు. ఆలోచించి, "మేమే" అంటాడు.

మొన్నీమధ్య టీగన్ నాలుగో రోజు కూడా కావాలంది. అడిగింది క్లారీని కాదు, కారు దిగుతున్న నోలాని.

"నాలుగా? గురువారం ఇంట్లో గడ్డి కొయ్యాలి. వానలు పడ్డాయి కదా, ఇంత ఎత్తు మొలిచింది."

"గడ్డి కొయ్యడానికి నేను మనిషిని పంపిస్తాను."

"ఆ మనిషి డబ్బాలు సర్దుతాడా?"

"సర్దడు."

"అయితే చూద్దాం. ఆదివారం భోజనం మాత్రం నువ్వే పెట్టాలి, మా ఇద్దరికీ. వేయించిన మాంసం, పుదీనా చట్నీ. డబ్బా చట్నీ కాదు."

"అదేం బేరం, నాలుగు ఆదివారాల్లో రెండు."

"మూడు."

క్లారీ అక్కడే ఒక ఆడగుర్రం ముందుకాలు ఒళ్లో పెట్టుకుని గిట్టలో మట్టి తీస్తున్నాడు. కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తనను ఎవరూ అడిగేలా లేరని తేలిపోయాక, కాలు నెమ్మదిగా కింద పెట్టి, తొట్టి నింపడానికి గొట్టం విప్పుకుంటూ వెళ్లాడు.